లెక్క పెట్టినవాళ్ళదే నడక

"కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే, ఒక్కచోట కుదురుగా కూర్చోలేవా?" అని వాళ్ళమ్మ లాండ్రీ షాపులో అందరి ముందూ అనీ అనీ, ఆ మాటలోంచి కాలూ పోయింది, కాలడమూ పోయింది, పిల్లి ఒక్కటే మిగిలింది. వాడకంతటికీ ఆ ఇంటి పెద్దమ్మాయి ఇప్పుడు పిల్లి. పేరు ఊరికే రాలేదు మరి. షర్టు మడత పెట్టమంటే కాలరు దగ్గర మొదలుపెట్టి, చేతుల దాకా వచ్చేసరికి ఇంకో షర్టు అందుకుంటుంది. ఎదుటివాళ్ళు ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పేస్తుంది, తీరా చూస్తే ఆ జవాబు ఇంకేదో ప్రశ్నకు. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలే" అని తల్లి మొత్తుకుంటే, "నిలబడి పాలే తాగొచ్చు కదా, గ్లాసు ఇలా ఇవ్వు" అంటుంది. ఆ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

మూడేళ్ళు చిన్నదైన చెల్లెలు గోడ. ఒకచోట నిలబడిందంటే అక్కడే ఉంటుంది, పిలిస్తే పలకడానికి కూడా తీరిగ్గా సమయం తీసుకుంటుంది. ఇద్దరూ ఒక కడుపునే పుట్టారా అని ఎవరైనా అడిగితే, "తొందరంతా పెద్దదే ఊడ్చుకుపోయింది, చిన్నదానికి ఓపికొక్కటే మిగిలింది" అనేది తల్లి.

వీళ్ళిద్దరూ వారంలో రెండు సాయంత్రాలు ఈత కొలను భవనానికి వెళ్తారు. ఈదడానికి కాదు. ఆ భవనం పై అంతస్తులో, ఒకప్పుడు కసరత్తులు చేసిన గదిలో, వాడ పిల్లలకు జాజ్ నేర్పుతారు. ఎవరో పుణ్యాత్ములు పెట్టిన సంస్థ అది. వాద్యాలు వాళ్ళవే, రుసుము లేదు. కింద కోచ్ ఈల వేస్తుంటాడు, పైన ట్రంపెట్ కుర్రాడు బుగ్గలు పొంగించి ఊదుతుంటాడు. వాడి బుగ్గలు చూసి వాడికి బూర అని పేరు పెట్టింది పిల్లే. పియానో దగ్గర మంగలి షాపాయన కొడుకు కూర్చుంటాడు. పిల్లి డ్రమ్స్, గోడ బాస్. బాస్ అంటే మనిషంత ఎత్తుండే తీగల వాద్యం, దాని వెనక నిలబడితే ఆ పిల్ల సగమే కనబడుతుంది.

జాజ్ సంగతి తెలియనివాళ్ళకు ఒక్కమాట చెప్పాలి. పాట ఎత్తుగడ అందరూ కలిసి వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమకు తోచింది అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, మిగతావాళ్ళు వెనక కాపు కాస్తారు, మళ్ళీ అందరూ ఎత్తుగడ దగ్గర కలుసుకుంటారు. నలుగురు స్నేహితులు కబుర్లు చెప్పుకున్నట్టే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి. ఆ వినడమే మన పిల్లికి చేతకానిది.

నేర్పే ఆవిడకు పగలు డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆమెకు అదొక అలవాటైపోయింది. పిల్లి వేగం పెంచినప్పుడల్లా ఇక్కడ కూడా నేలను తొక్కుతుంది. "టీచర్, అక్కడ బ్రేకు లేదు" అని బూర నవ్వితే, "అదే కదరా నా బాధ" అంటుంది. గోడమీద పిల్లి అనే మాట విన్నాగానీ, గోడను లాక్కుని పరిగెత్తే పిల్లిని ఇక్కడే చూస్తున్నానని కూడా అనేది.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. పాట మొదలయ్యే ముందు ఒకరు "వన్, టూ, వన్ టూ త్రీ ఫోర్" అని లెక్క పెడతారు. ఎంత వేగంగా లెక్కపెడితే అంత వేగంగా పాట నడవాలి. లెక్క తప్పైనా సరే, వెర్రిగా ఉన్నా సరే, మధ్యలో ఎవరూ వెనక్కి గుంజకూడదు, ముందుకు నెట్టకూడదు. "లెక్క పెట్టినవాళ్ళదే నడక. ఒకళ్ళు గుంటలో దిగితే అందరం దిగుదాం, అక్కణ్ణుంచి దారి వెతుక్కుందాం. గట్టున నిలబడి నవ్వేవాళ్ళు నా గదిలో వద్దు" అనేది. ఆ లెక్క పెట్టే పని ఎప్పుడూ డ్రమ్స్ వాళ్ళదే, అంటే పిల్లిదే.

ఇక అసలు సంగతి. ఆ సంస్థలో పద్దెనిమిది నిండేదాకే ఉండనిస్తారు. నిండిన రోజున వాద్యం అప్పగించి బయటికి నడవాలి. పిల్లికి వచ్చే నెలలో నిండుతాయి. డ్రమ్స్ కొనుక్కునే స్తోమత ఆ ఇంటికి లేదు, కొన్నా పెట్టుకోవడానికి చోటు లేదు, షాపు వెనక ఉన్న రెండు గదుల్లో సగం కస్టమర్ల కోట్లే వేలాడుతుంటాయి. మిగిలిన దారి ఒక్కటే. నగరానికంతటికీ ఒక పెద్ద యువ బృందం ఉంది. అందులో చేరినవాళ్ళు ఇంకొన్నేళ్ళు వాయించుకోవచ్చు. ఏడాదికోసారి ఆ బృందం పెద్దాయన వచ్చి, ప్రతి వాడ నుంచీ ఒక్కరిని ఏరుకుంటాడు. ఒక్కరినే. ఆయన శనివారం వస్తున్నాడని తెలిసిన రోజు నుంచీ పిల్లికి కంటి మీద కునుకు లేదు, కాలు ఒకచోట నిలవడం లేదు. బట్టలకు చీటీలు గుచ్చుతూ గుచ్చుతూ కౌంటరు మీద వేళ్ళతో దరువేస్తుంది. ఒకాయన ప్యాంటు ఇంకొకాయన కవర్లో పెట్టి పంపేసింది.

"నాకిదే ఆఖరు. మీకేం, మీకింకా బోలెడు కాలముంది" అని బూరతో అంది, పియానో అబ్బాయితో అంది. ఇంట్లో చెల్లెలితో అయితే రోజూ అంది. "నీకింకా మూడేళ్ళుందే, నీకేం తొందర?" 

తనకు తొందరని గోడ ఎప్పుడన్నా అన్నదా? అనలేదు. అన్నం తింటూ విని, ఊఁ అని ఊరుకునేది.

పెద్దాయన ముందు ఏం వాయిద్దామని టీచర్ అడిగితే, అందరూ గోడ పాట అన్నారు. ఆ పిల్ల ఇస్త్రీ చేస్తూ చేస్తూ కూనిరాగంలా కట్టుకున్న పాట అది. బాస్ ఒంటరిగా మొదలవుతుంది, ఒక్కొక్క స్వరం తీరిగ్గా వచ్చి నిలబడుతుంది, అది పూర్తిగా చల్లారాక గానీ రెండోది రాదు. వింటుంటే మనసుకు హాయిగా ఉండే మాట నిజం. కానీ అందులో డ్రమ్స్ పనేంటి? చిన్న డ్రమ్ము మీద బ్రష్షులతో, అంటే సన్నటి తీగల కుచ్చులతో, గుండ్రంగా రుద్దడం. అంతే. "ఇది వాయించడమా, గచ్చు తుడవడమా?" అని పిల్లి సణిగింది. బయటికి సణిగింది అంతవరకే. లోపల వేరే లెక్క నడుస్తోంది. ఈ పాట ఇలాగే వాయిస్తే ఆ పెద్దాయన చూపు బాస్ మీద పడుతుంది. తను గచ్చు తుడుస్తూ తుడుస్తూ ఇంటికి పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆలోచన పోలేదు.

శనివారం మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. మోకాలి నొప్పి అనుకుంటా, మెట్లన్నీ ఆగి ఆగి ఎక్కి, తలుపు పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. "ఊఁ, కానివ్వండి. నేనింకా రెండు వాడలు తిరగాలి" అన్నాడు.

గోడ బాస్ నిలబెట్టుకుంది. పియానో అబ్బాయి చేతులు తుడుచుకున్నాడు. పిల్లి ముందు రెండూ ఉన్నాయి, బ్రష్షులూ కర్రలూ. పొరపాటున అయిందని తర్వాత ఎవరైనా అనొచ్చు, ఆ పిల్ల సంగతి తెలుసు కదా, కంగారులో లెక్క తప్పిందని అనొచ్చు. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. చేయి బ్రష్షుల దాకా వెళ్ళింది, ఆగింది, పక్కకు జరిగి కర్రలు తీసుకుంది. కంగారులో చేసే పని కాదది. బాస్ పక్కనుంచి చెల్లెలు ఆ కర్రలు చూసింది. 

"వన్, టూ, వన్ టూ త్రీ ఫోర్."

రెట్టింపు వేగం. టీచర్ కాలు దానంతటదే నేలను తొక్కింది. బూర ట్రంపెట్ పెదాల దగ్గర పెట్టుకుని, ఇప్పుడేం చేయాలిరా దేవుడా అన్నట్టు చూశాడు. పిల్లి కర్రలు మాత్రం ఆగలేదు, డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్ళేల మీద, డ్రమ్ముల మీద టపటపా పరిగెత్తాయి. ఆ వేగంలో గోడ వేళ్ళు ఆడవు. ఆ సంగతి అక్కకు తెలుసు. బాస్ తీగలు లావుగా ఉంటాయి, ఒక్కొక్కటీ బలం పెట్టి లాగాలి, ఆ పిల్ల చేతులింకా చిన్నవి.

గోడ తొందరపడలేదు. అక్క రెండు దెబ్బలు వేసేదాకా ఆగి ఒక్క స్వరం వేసింది. ఇంకో రెండు దెబ్బలకు ఇంకొకటి. నియమం తప్పలేదు, వెనక్కి గుంజలేదు, ప్రతి స్వరమూ అక్క దెబ్బ మీదే పడింది. కానీ పాట తన పాత నడకలోనే, తీరిగ్గా, ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా వచ్చి నిలబడింది. బూర ముఖం విప్పారింది. ఎత్తుగడ మెల్లగా అందుకున్నాడు, పియానో వెంట వచ్చింది. పైన డ్రమ్స్ పరిగెత్తుతున్నాయి, కింద పాట నడుస్తోంది. ఎన్నాళ్ళో కూర్చుని అలా కుదుర్చుకున్నట్టే ఉంది. మధ్యలో పిల్లి ఒంటరిగా వాయించే వంతు వచ్చింది. నిజం చెప్పొద్దూ, అదరగొట్టింది.

పాట ఆగాక పెద్దాయన మోకాలి సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. "కింద మెల్లగా, పైన వేగంగా. భలే ఉంది. ఈ ఆలోచన ఎవరిది?"

 టీచర్ నోరు తెరవబోయింది. అంతలో, పిలిస్తే పలకడానికే సమయం తీసుకునే గోడ, అందరికంటే ముందు పలికింది.

"మా అక్కదండీ."

 పెద్దాయన పిల్లి వైపు తిరిగి, ఎన్నేళ్ళ నుంచి నేర్చుకుంటున్నావు, ఎంతసేపు సాధన చేస్తావు అని అడుగుతుంటే, ప్రశ్నకు ముందే జవాబిచ్చే పిల్ల తడుముకుంటూ చెప్పింది. బృందంలో చోటు వచ్చేసినట్టే ఉంది. చేతికందినట్టే ఉంది. తనకు కలుగుతున్నది సంతోషమో భయమో తేల్చుకోలేకపోయింది.

"ఇంకొక్కసారి వాయించండి. మొదట ఇలాగే మొదలుపెట్టి, సగం నుంచి బాస్ కూడా డ్రమ్స్ వేగం అందుకోవాలి. రెండూ కలిసి పరిగెత్తితే ఎలా ఉంటుందో వినాలి" అన్నాడాయన. "లెక్క నువ్వే పెట్టమ్మా."

గోడ ముఖంలో రంగు పోయింది. అయినా కుడిచేతి వేళ్ళు ఒకసారి మూసి తెరిచి, తీగల మీద పెట్టుకుంది. ఆ వేగం తన వల్ల కాదని తెలుసు. సగంలో తడబడుతుంది, పాట దాని చేతుల్లోనే చితికిపోతుంది, అదీ దాని సొంత పాట. అందరి ముందూ. అన్నీ తెలిసి కూడా అక్క లెక్క కోసం చూస్తూ నిలబడింది.

పిల్లి కర్రలు ఎత్తింది. "వన్" అంది.

అక్కడ ఆగిపోయింది.

"ఆ ఆలోచన నాది కాదు సార్."

"మరి?"

"అసలు అది ఆలోచనే కాదు. ఇది మెల్లగా వాయించాల్సిన పాట, చెల్లి కట్టింది. నేను లెక్క రెట్టింపు పెట్టాను. కావాలనే పెట్టాను. అది పట్టి నిలబెట్టింది కాబట్టి మీకు బాగుంది."

"కావాలని ఎందుకు?"

"మెల్లగా వాయిస్తే నేను కనబడను సార్."

"అక్క అబద్ధం చెప్తోంది" అంది గోడ.

"నువ్వు నోర్ముయ్యవే."

"నువ్వే ముయ్యి."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెచ్చుకోలేదు, మందలించలేదు. విసుగ్గా గడియారం చూసుకుని మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. "మీ ఇంటి గొడవ మీ ఇంట్లో తేల్చుకోండి. ఆ అసలు పాటేదో వినిపించండి. ఈసారి లెక్క బాస్ అమ్మాయి పెడుతుంది."

గోడ లెక్క పెట్టింది. ఒక్కొక్క అంకెకూ మధ్య అంత దూరముంటుందని పిల్లికి ఎప్పుడూ తెలియదు. బ్రష్షులు డ్రమ్ము మీద తిప్పుతూ కూర్చుంది.  ప్రతి ఖాళీలోనూ ఏదో ఒకటి వేసెయ్యాలని చేతులు తహతహలాడుతున్నాయి. వేయలేదు. చెల్లెలి స్వరం వచ్చి, నిలబడి, సన్నగిల్లి, పూర్తిగా పోయేదాకా ఆగింది. ఈ పాట ఎన్ని సాయంత్రాలు వాయించారో, ఆ చివరి సన్నటి భాగం ఆమె ఒక్కసారి కూడా వినలేదు, ఎప్పుడూ దాని మీద నుంచి దూకేసి ముందుకు పోయింది. ఇంత బాగుందా ఇది అనుకుంది. అనుకుని కుళ్ళుకుంది. అవును, అప్పుడు కూడా కుళ్ళుకుంది, మనిషే కదా. కానీ బ్రష్షులు మాత్రం చెల్లెలి వెనకే ఉన్నాయి.

పెద్దాయన ఎక్కువ నాన్చలేదు. "బాస్ అమ్మాయి" అన్నాడు. టీచర్‌తో రెండు ముక్కలు మాట్లాడి, మెట్లు ఆగి ఆగి దిగి వెళ్ళిపోయాడు.

బూర వచ్చి గోడ వీపు మీద చరిచాడు, పిల్లి వీపు మీద చరవాలో వద్దో తెలియక చేయి గాల్లో పెట్టి నిలబడ్డాడు. టీచర్ పిల్లి దగ్గరికి వచ్చింది.

"నువ్వు లెక్క పెట్టినప్పుడు నీ చెవి పట్టుకుని కిందకు ఈడ్చుకుపోయి కొలనులో పడేద్దామనిపించింది."

"నిజం చెప్పాక?"

"చెప్పాక కూడా అనిపించింది" అంది టీచర్. కానీ చేయి ఆ పిల్ల తల మీద వేసి, కాసేపు తీయలేదు.

అక్కచెల్లెళ్ళు బయటపడ్డారు. మామూలుగా పిల్లి ముందు, నాలుగు బారల వెనక గోడ. ఈరోజు పిల్లి పక్కనే నడిచింది. టైర్ల షాపు దాటారు, చెప్పులు కుట్టే షాపు దాటారు.

"నేను వెళ్ళను" అంది గోడ చివరికి.

"ఏం?"

"నాకింకా మూడేళ్ళుంది కదా. రోజూ నువ్వే అంటావు."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తను ఎన్నిసార్లు అందో, అన్నిసార్లూ ఆ పిల్ల విని లోపల దాచుకుంది. అందుకే కాబోలు అంత తొందరగా మా అక్కదండీ అని వదిలేసుకుంది.

"పెద్దాయనకు నేను సగమే చెప్పానే" అంది పిల్లి. "నేను కనబడనని మాత్రమే కాదు. మెల్లగా వాయిస్తే నువ్వే గెలుస్తావని తెలుసు. నువ్వు గెలవకూడదని చేశాను."

గోడ నడక ఆపలేదు. "నాకూ తెలుసు. కర్రలు తీసినప్పుడే తెలిసింది."

"తెలిసి మరెందుకు నిలబెట్టావు?"

"నువ్వు పడిపోతుంటే చూస్తూ ఊరుకోనా?"

  పిల్లి కళ్ళు మండాయి. "వెళ్ళాలే నువ్వు" అంది. "నువ్వు వెళ్ళకపోతే నేను చేసిన పాడుపనే నెగ్గినట్టు. అప్పుడు నా ముఖం నేనే చూసుకోలేను. నాకోసమైనా వెళ్ళు."

గోడ తల ఊపింది. ఊపడానికి ఆ వీధంతా పట్టింది.

మలుపు తిరిగి షాపు కనబడగానే ఆ పిల్ల అడుగులు ఇంకా మందగించాయి. ఎందుకో పిల్లికి అర్థమైంది. లోపలికి వెళ్ళగానే అమ్మ ఏమైందని అడుగుతుంది. నాకొచ్చింది అని గోడ చెప్పాలి. చెప్పేటప్పుడు అక్క ముఖం చూడాలి. అంత కష్టం దానికెందుకు, ఇప్పటికే చాలా మోసింది. పిల్లి పరుగు అందుకుంది.

అద్దాల తలుపు నెట్టుకుని లోపలికి పడ్డంత పని చేసింది. తల్లి ఎవరిదో కోటు చేతికి ఇస్త్రీ చేస్తోంది.

"అమ్మా, చెల్లికొచ్చింది. నగర బృందంలోకి తీసుకున్నారు. దాని పాటకేనమ్మా, అదే కట్టింది, ఆయన ఒక్కసారి విని తీసేసుకున్నాడు. బూరగాడి నోరు మూతపడలేదు తెలుసా."

తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. అద్దంలోంచి, మెల్లగా వస్తున్న చిన్నదాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వుతోనే పెద్దదాని వైపు తిరిగింది, కన్నతల్లి కదా, నవ్వు సగంలోనే ఆగింది.

"మరి నువ్వేం వాయించావే?"

"నేను దాని వెనక వాయించానమ్మా" అంది పిల్లి. "ఒక్కచోట కూడా దాన్ని దాటలేదు."

అంత గర్వంగా చెప్పి, కౌంటరు మీద తల పెట్టుకుని భోరుమంది.